ముప్పై నాలుగు పాదాల వాల్వు

2017 ఫిబ్రవరిలో నన్ను నీటి సరఫరా శాఖ ప్రధాన కార్యాలయం నుంచి సికింద్రాబాద్ డివిజనుకు మార్చారు. హోదా పాతదే, అసిస్టెంట్ ఇంజనీరు. పని మాత్రం కొత్తది. రోడ్ల కింద పూడిపోయిన వాల్వులను వెతికి, కొలతలు తీసి, రిజిస్టరులోకి ఎక్కించాలి. పైపులో నీళ్లను ఆపడానికీ వదలడానికీ ఉండే ఇనుప తలుపే వాల్వు. దాని నెత్తిన, రోడ్డు మట్టానికి, పోత ఇనుప పెట్టె ఒకటి, దానికో మూత ఉంటాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఆ మూత మీద ఒక పొర తారు పడుతుంది. మూడు పొరలు పడేసరికి మూత ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఇంజనీర్లందరికీ మూతి ముడుచుకోవడం మాత్రం తెలుస్తుంది. అలా మూతి ముడుచుకుని తిరగడంలో అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం.

నాకిచ్చిన పనిముట్టు మెటల్ డిటెక్టరు. ఒక కర్ర, పైన పిడి, పిడి దగ్గర చిన్న పెట్టె, కర్ర చివర ప్లాస్టిక్ తొడుగులో గుండ్రంగా రాగితీగ చుట్ట. చుట్టలో కరెంటు పారుతుంది. కింద లోహం ఉంటే పెట్టె కూత పెడుతుంది. మా తాతగారు జీవితమంతా నోట్లో చుట్టతో గడిపారు. నేను సర్వీసు చివరి భాగమంతా చేతిలో చుట్టతో గడిపాను. ఇద్దరికీ ఇంట్లో దక్కిన మర్యాద ఒకటే.

శాఖ మొదట ఇచ్చిన చుట్ట జానెడు వెడల్పు. అది చిన్నవాటిని బాగా పట్టుకుంటుంది. వాల్వులు వెతికేవాడికి అదే దాని దోషం. సికింద్రాబాద్ సందుల్లో పైపొరలో ఎప్పుడూ ఏదో ఒక ఇనుము ఉంటుంది. షామియానా మేకులు, కూల్‌డ్రింకు మూతలు, తెగిన సైకిలు చువ్వలు, అన్నింటికీ అది నిజాయితీగా కూస్తుంది. అందుకని ఆరు నెలలు కాగితాలు నడిపి మూరెడు వెడల్పు చుట్ట ఒకటి తెప్పించుకున్నాను. మా వైపు భాషలో అది పెసరట్ల పెనం. మా లైన్‌మన్ యాదగిరి దాన్ని చూడగానే "రొట్టెల పెంక" అని పేరు పెట్టాడు. పెనం, పెంక అని మేమిద్దరం వాదించుకుంటుండగానే డివిజన్ అంతా పెంక పేరు స్థిరపడిపోయింది.

పెద్ద చుట్టను వాడడం వేరే విద్య. అది లోతుకు చూస్తుంది, పెద్దవాటిని చూస్తుంది, చిల్లరను పెద్దగా పట్టించుకోదు. బదులుగా వాడేవాడి దగ్గర ఓపిక వసూలు చేస్తుంది. నిదానంగా ఊపాలి. ఊపు చివర్లలో చెయ్యి పైకి లేవకూడదు, చుట్ట నేలకు ఒకే ఎత్తులో పోవాలి. ఒక ఊపు వెళ్లిన దారిలో సగం మీదుగా రెండో ఊపు వెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వస్తే అది పూనకం వచ్చినట్టు అరుస్తుంది. అప్పుడు సున్నితత్వం తగ్గించుకోవాలి. లోతు కొంత పోతుంది, పరువు నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కాళ్లకు ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లు ఉండకూడదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పెద్ద చుట్టతో మొదటిరోజు మోండా మార్కెట్ వెనక ఒక గంటసేపు, నేను ఎటు నడిస్తే అటు నడిచే వాల్వునొకదాన్ని కనిపెట్టాను. అది నా కుడి బూటు. మర్నాటి నుంచి హవాయి చెప్పులతో డ్యూటీకి వెళ్లాను. ఆ చెప్పుల గురించి నాకు ఒక మెమో కూడా వచ్చింది.

ఇక అసలు విషయం. మరుసటి ఏడాది మార్చి చివర్లో ఒక శనివారం. పద్మారావు నగర్ నుంచి బన్సీలాల్‌పేట్ వైపు దిగే ఒక సందులో, చివర, ఆరంగుళాల పోత ఇనుప పైపు అతుకు దగ్గర కారుతోంది. ఆదివారం తెల్లవారగానే అతుకు మార్చాలని నిర్ణయం. సందు మధ్యలో ఒక వాల్వు ఉందని యాదగిరి అన్నాడు. దాన్ని మూస్తే దిగువనున్న నలభై ఇళ్లకు మాత్రమే నీళ్లు ఆగుతాయి. అది దొరక్కపోతే రిజర్వాయరు దగ్గరే మూయాలి. అప్పుడు మొత్తం జోనుకు రెండు రోజులు నీళ్లుండవు. ఆ జోనులో, ఇదే సందు మొదట్లో, ఒక డయాలసిస్ సెంటరు ఉంది. కిడ్నీలు పనిచేయని వాళ్ల రక్తాన్ని శుభ్రం చేసే యంత్రాలకు నీళ్లు ధారగా కావాలి. ట్యాంకరు పెట్టుకుందామంటే ఆ సందులోకి ఆటో రావడమే గొప్ప.

సెంటరును చూసుకునే సుగుణ సిస్టర్ పొద్దున్నే వచ్చి యాదగిరిని పట్టుకుంది.

"యాదన్నా, రేపు పొద్దుగాల పదకొండు మంది పేషెంట్లు ఉన్నరు. నీళ్లు బంద్ అంటే నేనిప్పుడే ఫోన్లు షురూ చెయ్యాలె, వాళ్లు వేరే జాగ చూసుకోవాలె. చెయ్యాల్నా, వద్దా?"

"చెయ్యకు సిస్టర్," అన్నాడు యాదగిరి. "వాల్వు ఉన్నది. నేను మాటిస్తున్న."

ఆమె వెళ్లాక, మాటిచ్చే ముందు నన్నొకసారి అడగాల్సింది కదా అన్నాను. అడిగితే మీరు వద్దంటరు గద సార్ అన్నాడు. అది నిజమే.

యాదగిరి ధీమాకు కారణముంది. లైన్‌మన్లకు రిజిస్టర్లతో పనిలేదు. వాల్వుల చోట్లు వాళ్లకు నోటిలెక్కలో ఉంటాయి. ఒక కదలని గుర్తు దగ్గర నిలబడి, మడమకు బొటనవేలు ఆనిస్తూ పాదం వెంట పాదం వేసుకుంటూ ఇన్ని పాదాలు అని లెక్కపెట్టుకుంటారు. పనిలో చేరినప్పుడు పెద్ద లైన్‌మన్ చిన్న లైన్‌మన్‌కు ఈ లెక్కలు అప్పగిస్తాడు. యాదగిరికి అప్పగించినవాడు ఖాజా మియా. యాదగిరి ఆయన్ని ఎప్పుడూ పేరుపెట్టి అనడు, ఉస్తాద్ అనే అంటాడు. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఈ సందు వాల్వుకు ఉస్తాద్ చెప్పిన లెక్క ఇది: పిండి గిర్ని గడపరాయి ముందు నిలబడి, బన్సీలాల్‌పేట్ దిక్కు, సందు పొడుగునా ముప్పై నాలుగు పాదాలు.

గిర్ని అక్కడే ఉంది, గడపరాయి అక్కడే ఉంది. యాదగిరి ముప్పై నాలుగు పాదాలు వేసి సుద్దతో గీత గీశాడు. రోడ్డు కోతకు మాకు దొరికిన అనుమతి రెండు గుంతలకు, ఒక్కొక్కటి మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. మొదటి గుంత ఆ గీత మీద పదిన్నరకు మొదలైంది. పన్నెండింటికి పైపు కనిపించింది. వాల్వు కనిపించలేదు.

అప్పుడే మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రాఘవరావు గారు వచ్చారు. డివిజనుకు ఆయనే పెద్ద. మంచి మనిషి, కాగితం మనిషి. గుంతలోకి చూసి, రిజిస్టరులో లేని వాల్వు భూమిలో మాత్రం ఎందుకుంటుందని అడిగారు. జోను మొత్తానికి నీళ్లు ఆపాలంటే సాయంత్రం నాలుగింటికి ముందే నోటీసు వెళ్లాలి. అప్పటిదాకా ఆగుతానన్నారు. నా చెప్పులవైపు కూడా ఒకసారి చూశారు.

నేను పెంక బయటికి తీశాను.

ఈ పని ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నన్ను కాపాడింది చాకచక్యం కాదు, వరస. మొదట సందుకు అడ్డంగా నడిచాను. పెద్ద చుట్ట పైపును దాటిన ప్రతిసారీ కూత మెల్లగా లేచి మెల్లగా దిగింది. కూత మొదలైన చోట ఒక చుక్క, ఆగిన చోట ఒక చుక్క, రెంటి నడుమ పైపు. రెండు గజాలకొకసారి అలా అడ్డంగా నడిచి, నడిమి చుక్కలు కలిపితే సందు పొడుగునా పైపు గీత వచ్చింది. గిర్ని ముందు నుంచి అది తిన్నగా పోతోంది. అంటే వాల్వు ఆ గీత మీదే ఎక్కడో ఉండాలి. కానీ గీత వెంట నడిస్తే పైపే అంతటా కూస్తుంది, అందులో వాల్వు కూత ఏదో తెలియదు.

అక్కడే పెద్ద చుట్టకున్న ఒక సుగుణం పనికొచ్చింది. దాన్ని నేల మీద నుంచి మెల్లగా పైకెత్తాలి. జానెడు ఎత్తుకు మేకులూ మూతలూ నోరు మూసుకుంటాయి, అవి చిన్నవి గనక. మోకాలి ఎత్తుకు పైపు కూడా ఆగిపోతుంది, అది నాలుగడుగుల లోతున ఉంది గనక. ఇంకా కూస్తున్నదేదైనా ఉంటే అది పెద్దదీ అయ్యుండాలి, పైకీ ఉండాలి. వాల్వు పెట్టె అలాంటిది. మోకాలి ఎత్తున మూరెడు చుట్టను పట్టుకుని, నిదానంగా, వంగి నడిచే యాభై ఆరేళ్ల మనిషిని చూడడానికి ఆ రోజు సందులో జనం బాగానే పోగయ్యారు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, ఏం పోగొట్టుకున్నారు సార్ అని అడిగాడు. ప్రస్తుతానికి నడుము అన్నాను.

మొదటి గుంత దగ్గర చుట్ట మౌనం. గుంత దాటి ముందుకు వెళ్లాను. మౌనం. ఇంకో అడుగు. అప్పుడు కూసింది, గట్టిగా, వెడల్పుగా, తడబాటు లేకుండా. ఎడమ నుంచి కుడికి వెళ్లాను, కూసింది. తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ వెళ్లాను, అక్కడే కూసింది. పెద్ద చుట్ట ఒకే దిక్కు నుంచి చెప్పింది నమ్మకూడదు. రెండు దిక్కుల గీతలు ఎక్కడ కలిస్తే అక్కడ లోహం. సుద్దతో గుణకారం గుర్తు వేశాను. ఇనుము దొరికినప్పుడు ఉత్సాహం ఇనుమడిస్తుందని నేను పాతికసార్లు అని అందరినీ విసిగించాను గాని, ఆ క్షణంలో అది మాట వరస కాదు.

నా గుర్తు యాదగిరి గీతకు నాలుగున్నర అడుగులు అవతల ఉంది.

రాఘవరావు గారు రెండు గుర్తులనూ చూశారు. "మూర్తి గారూ, మీ పెనం ఒకటి చెబుతోంది, మీ మనిషి ఇంకొకటి చెబుతున్నాడు. మిగిలింది ఒక్క గుంత. నేనెవరి మాట మీద తవ్వించను?"

నేను యాదగిరివైపు చూశాను, నా పక్షాన ఒక మాట సాయం వస్తుందని. రాలేదు.

"ఉస్తాద్ లెక్క తప్పది సార్," అన్నాడు. "ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే. మీ పెంక ఏ పాత పట్టానో చూసి ఒర్రుతున్నది. రెండో గుంత గా గీత కాడనే, జెర ఇవతలికి తవ్వుదం."

ఇది నేను ఎదురుచూడని చిక్కు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పెద్ద చుట్ట అది పెద్ద ఇనుమని చెబుతుంది, ఏ ఇనుమో చెప్పదు. పాత రైలుపట్టా ముక్కయినా అలాగే కూస్తుంది. ఉస్తాద్ చెప్పిన మిగతా వాల్వులు, ఏడు పాదాలవీ తొమ్మిది పాదాలవీ, అంతకుముందు నేను స్వయంగా తవ్వించాను. అన్నీ చెప్పిన చోటే దొరికాయి. మాటిచ్చింది యాదగిరి. ఆ మాట ఇప్పుడు నా గుర్తుకూ అతని గీతకూ మధ్య వేలాడుతోంది. రాఘవరావు గారు, ఇద్దరూ ఒక మాట మీదికొస్తే తవ్విస్తాను, రాకపోతే నోటీసు పంపిస్తాను అని చెప్పి ఫోను చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు సమయం రెండూ ఇరవై.

నేను గిర్ని మెట్టు మీద కూర్చున్నాను. గిర్ని నడిపే అనసూయమ్మ టీ ఇప్పించింది. పొద్దున్నుంచి అది మూడో టీ. మూడుసార్లూ గ్లాసు పక్కన గచ్చు మీద పెడితే ఒరిగిపోయింది, అక్కడేదో గుంట ఉంది. మూడోసారి సగం టీ నా చెప్పు మీద ఒలికింది.

"సార్, గ్లాసు గా గుంతల పెట్టకుండ్రి," అంది అనసూయమ్మ, జల్లెడ ఆపకుండానే. "గది ఖాజా మియా కాలు."

ఏమిటని అడిగాను.

"మా మామ గీ గచ్చు పోయించిన నాడు, పచ్చిగ ఉండంగనే తొక్కిండు. ఈ వాల్వు కాడికే వచ్చిండట. మా మామ సచ్చేదాక తిడుతనే ఉండె. ఏం కాలు సార్ అది, పడవ లెక్క."

వంగి చూశాను. పిండి దుమ్ము పేరుకుని ఉంది గానీ, మడమ గుంట, అరికాలి వంపు, బొటనవేలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వట్టికాలి ముద్ర. యాదగిరిని పిలిచాను. అతను వచ్చి చూసి, చెప్పు విడిచి, తన పాదం అందులో పెట్టాడు. వేళ్ల ముందు ఇంకా చోటు మిగిలింది.

"సార్," అన్నాడు మెల్లగా. "నేను నా కాలుతోని కొల్చిన."

నేను టేపు తీశాను. యాదగిరి పాదం పది అంగుళాలు. గచ్చులోని పాదం పదకొండున్నర దాటింది. పాదానికి ఒకటిన్నర అంగుళం పైచిలుకు తేడా. ఏడు పాదాల వాల్వుకు ఆ తేడా అడుగులోపే, గుంతలో కలిసిపోతుంది. అందుకే ఇన్నేళ్లు ఏ లెక్కా తప్పలేదు. ముప్పై నాలుగు పాదాలకు అది నాలుగున్నర అడుగులకు చేరుకుంటుంది.

యాదగిరి గోనెసంచి కుట్టే పురికొస అడిగి తీసుకున్నాడు. ముద్ర మీద మడమ నుంచి బొటనవేలి కొస దాకా పట్టి ముడివేశాడు. ఆ ముడి కొలతతో గడపరాయి నుంచి, వంగి, ముప్పై నాలుగుసార్లు, పైకి లెక్కపెడుతూ వెళ్లాడు. తన పాత గీత దాటాడు, గుంత పక్కనుంచి దాటాడు. ముప్పై మూడు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ముప్పై నాలుగో ముడి నా గుణకారం గుర్తు మీద పడింది. మధ్యలో కాదు, ఒక నాలుగంగుళాలు ఇవతల. ఆ నాలుగంగుళాల వల్లే నాకు పూర్తి నమ్మకం కలిగింది. మరీ సరిగ్గా కలిస్తే నేనే అనుమానించేవాణ్ణి.

రాఘవరావు గారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు. "తవ్వండి," అన్నారు.

మూడు పొరల తారు, వాటి కింద కంకర. మూడుంబావుకు గునపానికి చప్పుడు మారింది. తారు మీద గునపం మొద్దుగా మోగుతుంది, పోత ఇనుము మీద గంటలా మోగుతుంది. యాదగిరి చేతులతో మట్టి తోశాడు. మూత బయటపడింది, దాని మీద అచ్చు అక్షరాలు కూడా అరిగిపోలేదు. మూత తీశాం. కింద వాల్వు కుదురు, అంటే దాన్ని తిప్పే నిలువు కడ్డీ, చదరపు తల, తుప్పుతో ఎర్రగా ఉంది.

దొరకడం ఒకటి, తిరగడం ఒకటి. ఇరవై ఏళ్లు ముట్టని వాల్వును బలంగా తిప్పితే కుదురు విరిగి, ఉన్న ఆశ పోతుంది. యాదగిరి కిరోసిన్ పోసి పది నిమిషాలు ఆగాడు. తర్వాత వాల్వు తిప్పే పొడుగాటి తాళంచెవి బిగించి పావు చుట్టు మూసే వైపు, పావు చుట్టు వెనక్కి, అర చుట్టు ముందుకు, మళ్లీ వెనక్కి. నేనూ ఒక చెయ్యి వేశాను, అవసరం లేకపోయినా. మూడూ నలభైకి అది మొదటిసారి పూర్తి చుట్టు తిరిగింది. తర్వాత యాదగిరి ఒక్కొక్క చుట్టూ లెక్కపెడుతూ తిప్పాడు. చివరి చుట్టు బిగుసుకుంది. సందు చివర నిలబెట్టిన మనిషి అక్కడి నుంచే చెయ్యి ఊపాడు. కారుతున్న అతుకు ఆగిపోయింది. ఎగువన సుగుణ సిస్టర్ దగ్గర నల్లా తిప్పి చూస్తే నీళ్లు మామూలు ధారతో వస్తున్నాయి.

అప్పుడు యాదగిరి తలపాగా తీసి ముఖం తుడుచుకుని, ఫోను తీశాడు. "సిస్టర్, గా పదకొండు మందిని రమ్మను," అన్నాడు. అంతే, పెట్టేశాడు. నేను మాత్రం ఇంటికి ఫోను చేసి పావుగంట చెప్పాను. మా ఆవిడ అంతా విని, అయితే దొరికింది పెంకతోనా కాలితోనా అని అడిగింది. ఆ ప్రశ్న డివిజనులో నెలరోజులు నడిచింది. యాదగిరి కాలు అన్నాడు, నేను పెనం అన్నాను, రాఘవరావు గారు అనుమతి అన్నారు.

ఆదివారం పది గంటలకల్లా అతుకు మారింది. నలభై ఇళ్లకు సాయంత్రానికి నీళ్లొచ్చాయి. మిగతా జోనులో ఎవరికీ ఏమీ జరిగినట్టే తెలియదు. మా వృత్తిలో ఘనవిజయం అంటే అదే. నా చెప్పుల మెమోను రాఘవరావు గారు ఆ వారంలోనే ఉపసంహరించుకున్నారు. దాని స్థానంలో, డిటెక్టరు పని చేసేవారు ఇనుప ముక్కు బూట్లు వేయరాదని ఆదేశం వచ్చింది. ఆ ఆదేశాన్ని ముందుగా అమలు చేసినవాణ్ణి నేనే.

ఆ ఘటన తర్వాత నేను పని చేసే తీరులో రెండు విషయాలు మారాయి. ఒకటి, పెద్ద చుట్టతో గుర్తించిన దేన్నీ రెండో సాక్ష్యం లేకుండా తవ్వించలేదు. యంత్రం చెప్పేది ఇనుము ఎంతో, ఎక్కడో. అది దేని ఇనుమో చెప్పాల్సింది మనుషులు. రెండోది, వాల్వు రిజిస్టరులో ఒక గడి కొత్తగా చేర్పించాను. దూరం అన్న గడి పక్కనే, ఎవరి కొలత అన్న గడి. కొలత తీసుకునేటప్పుడు అంకె అడిగితే సరిపోదు, కొలిచినవాడెవరో కూడా అడగాలి.

ఆ రిజిస్టరులో ఈ వాల్వు ఎదుట ఇప్పటికీ ఇలా ఉంటుంది: గిర్ని గడపరాయి నుంచి పది మీటర్లు, టేపు కొలత. దాని కింద యాదగిరి చెప్పగా నేను రాసింది: ముప్పై నాలుగు పాదాలు, ఖాజా మియా పాదం, నమూనా గిర్ని గచ్చులో ఉంది.